ఎగిరిపడే తల ఎలా ఆగాలి? దయ్యాల కొంపలో కదిలే బొమ్మలకు యంత్రాంగం ఎంచుకోవడం

జనాన్ని భయపెట్టి వినోదపరిచే దయ్యాల కొంప పెట్టదలచినవారు సికింద్రాబాదులోని రాణీగంజ్‌లో యంత్రసామగ్రి దుకాణం మెట్లెక్కగానే అడిగే మొదటి ప్రశ్న "శవపేటిక మూత లేవాలంటే ఏ మోటారు కావాలి?" అన్నది. ఎంత బరువు ఎత్తాలి, ఎంత వేగంగా ఎత్తాలి, ఎంతలో వస్తుంది అనే మూడు విషయాల చుట్టూనే ఆ తరువాతి బేరమంతా నడుస్తుంది. ఆ మూడూ అవసరమైనవే. కానీ ఇటువంటి బొమ్మలు తయారుచేసేవారితోనూ, చెడిపోయినవాటిని రాత్రికి రాత్రి బాగుచేసేవారితోనూ కలిసి పనిచేసిన తరువాత నేను ముందుగా అడగడం నేర్చుకున్న ప్రశ్నలు వేరు. ఆ మూత కింద ఒక చేయి ఇరుక్కుంటే ఈ యంత్రం ఏం చేస్తుంది? కరెంటు పోయినప్పుడు ఏ భంగిమలో ఆగుతుంది? తిరిగి వచ్చినప్పుడు తనంతట తాను కదులుతుందా? ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులను బట్టి ఎంచుకున్న యంత్రమే సీజను చివరిదాకా నిలుస్తుందని కూడా గమనించాను. బిగుసుకుపోయినప్పుడు లొంగే యంత్రం మనిషినీ గాయపరచదు, తనూ విరగదు.

నా నిర్ణయాన్ని ముందే చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాను. సందర్శకులకు దగ్గరగా, మెరుపులా కదలవలసిన బొమ్మకు తక్కువ పీడనంతో నడిచే గాలి సిలిండరు (గొట్టంలోకి గాలి పంపితే కడ్డీని తోసేది) మేలు. చేతికందనంత దూరంలో నిదానంగా ఊగే బొమ్మకు ఎయిర్ కూలరు మోటారో, కారు అద్దం తుడిచే వైపర్ మోటారో చాలు. కళ్ళు, పెదవులు, కనుబొమల వంటి చిన్న కదలికలకు మాత్రమే, చెప్పిన కోణానికి తిరిగి ఆగే సర్వో మోటారు వాడాలి. మోటారుతో కడ్డీని ముందుకూ వెనక్కూ జరిపే లీనియర్ యాక్చుయేటర్‌ను ఈ పనికి నేను దాదాపు ఎప్పుడూ సిఫారసు చేయను.

మన్నిక అంటే ఎంత అన్నది ముందు లెక్క వేసుకోవాలి. నాంపల్లిలో 1938 నుంచి జరుగుతున్న నుమాయిష్ వంటి ప్రదర్శనను కొలమానంగా తీసుకుందాం. మామూలుగా జనవరి 1న మొదలై 46 రోజులు నడిచే ఆ ప్రదర్శనలో, రోజుకు ఆరు గంటల చొప్పున, ప్రతి 20 సెకన్లకు ఒకసారి ఒక బొమ్మ లేచి పడుతుందనుకుంటే, సీజను ముగిసేసరికి అది దాదాపు 50,000 సార్లు కదులుతుంది. అదే కాలంలో నిమిషానికి 45 చుట్లు ఆగకుండా తిరిగే మోటారు 7 లక్షల 45 వేల చుట్లు తిరుగుతుంది. ఇంట్లో పుట్టినరోజు పండుగకు చేసిన బొమ్మకూ, టికెట్టు పెట్టి నడిపే బొమ్మకూ ఉన్న తేడా ఈ అంకెల్లోనే ఉంది. ఒక సాయంత్రం బ్రహ్మాండంగా పనిచేసిన నమూనా నాలుగో రోజున మూలపడితే అందులో ఆశ్చర్యపడవలసినది ఏమీ లేదు.

చవకగా దొరికేవి: కూలరు మోటారు, వైపర్ మోటారు

వినాయక చవితి మండపాల్లో తల ఊపే ఏనుగును, చేయెత్తి దీవించే విగ్రహాన్ని చూడని హైదరాబాదీ ఉండడు. వాటిలో చాలావాటి లోపల ఉండేది ఎయిర్ కూలరు రెక్కలను అటూ ఇటూ తిప్పే చిన్న సింక్రనస్ మోటారే. నిమిషానికి ఐదారు చుట్లు తిరిగే ఈ మోటారు కొద్ది వాట్ల కరెంటునే తీసుకుంటుంది. దాని బలం ఎంత తక్కువంటే, పట్టుకుంటే ఆగిపోతుంది, ఆగినా కాలిపోదు. దయ్యాల కొంపలో ఊయలకుర్చీలో ముందుకూ వెనక్కూ ఊగే ముసలమ్మకూ, గోడమీద మెల్లగా తల తిప్పే పటానికీ ఇంతకన్నా భద్రమైన యంత్రం లేదు. దీనిని చిన్నచూపు చూడవద్దు. ప్రేక్షకుడిని ఉలిక్కిపడేలా చేసేది వేగమే అయినా, ఆ ఉలికిపాటుకు ముందు గుండెలో బరువు పెంచేది నిదానమైన కదలికే. అయితే ఇది 230 వోల్టులతో నేరుగా నడుస్తుంది కనుక, తీగల అతుకులు మూసిన పెట్టెలో ఉండాలి, ఆ లైనుకు 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా తెంచే స్విచ్చు) తప్పనిసరిగా ఉండాలి.

వైపర్ మోటారు విషయం వేరు. పుత్లీబౌలిలోని వాహన విడిభాగాల దుకాణాలలో వాడినది కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. 12 వోల్టుల సరఫరా చాలు. వానలో పనిచేయడానికి పుట్టినది కనుక దుమ్మూ తేమా దానిని త్వరగా చెడగొట్టవు. 12 వోల్టులకు బదులు 6 వోల్టులిస్తే వేగం తగ్గి, కదలిక దయ్యానికి తగినట్లు భారంగా ఉంటుంది. ఇన్ని మంచి గుణాలున్నందువల్లనే దానిలోని చెడుగుణం కనబడకుండా పోతుంది. లోపల ఉన్నది మరలాంటి కడ్డీతో తిరిగే వార్మ్ గేరు. మోటారు గేరును తిప్పగలదు గాని, బయటినుంచి మనం షాఫ్టును వెనక్కి తిప్పలేము. అంటే క్రాంకుకూ (షాఫ్టుకు బిగించి తిరిగే చేతికి) చట్రానికీ మధ్య వేలు ఇరుక్కున్నాక స్విచ్చు ఆపినా ఆ పట్టు సడలదు.

బలం ఎంతో చూడండి. 20 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇచ్చే మోటారుకు 5 సెం.మీ. క్రాంకు బిగిస్తే, దాని చివర 400 న్యూటన్ల బలం, అంటే 40 కిలోల బరువు మోపినంత ఒత్తిడి ఉంటుంది. క్రాంకూ దానికి తగిలించిన కడ్డీ ఒకే గీతలోకి వచ్చే చోట ఆ బలం ఇంకా ఎన్నో రెట్లు అవుతుంది. ఒక మాల్‌లోని దయ్యాల గదిలో తెర సర్దడానికి లోపలికి వెళ్ళిన అమ్మాయి చున్నీ క్రాంకుకు చుట్టుకున్నప్పుడు నేను పక్క గదిలో ఉన్నాను. స్విచ్చు బయట టికెట్టు బల్ల దగ్గర ఉంది. ఎవరో కత్తెర తెచ్చి చున్నీని కత్తిరించేదాకా ఆ మోటారు తన పని తాను చేసుకుపోయింది. మెడకు చుట్టుకోలేదు కనుక ఆ రోజు ఆమె ఏడ్చి ఊరుకున్నది. చున్నీ, జడ, పంచె అంచు, మెడలో తాయెత్తు దారం అన్నీ వేలాడే మన ఊళ్ళో తిరిగే భాగాన్ని ఎంత దూరాన ఉన్నా మూయకుండా వదలకూడదు.

అయినా వైపర్ మోటారును నేను తోసిపుచ్చను. క్రాంకుకూ బొమ్మకూ మధ్య గట్టి కడ్డీకి బదులు స్ప్రింగు ఉన్న కడ్డీని పెడితే, అడ్డం వచ్చినప్పుడు స్ప్రింగు సాగుతుంది, మోటారు తిరుగుతూనే ఉంటుంది, బొమ్మ ఆగుతుంది. బొమ్మ చేతిని భుజానికి బోల్టుతో కాక రెండు అయస్కాంతాలతో పట్టించి, గట్టిగా లాగితే ఊడివచ్చేలా చేయడం ఇంకో పద్ధతి. మామూలుగా నడిచేటప్పుడు మోటారు తీసుకునే కరెంటును కొలిచి, దానికి కొంచెం పైన ఫ్యూజు వేయాలి. బిగుసుకున్నప్పుడు అది దానికి ఎన్నో రెట్లు లాగుతుంది కనుక ఫ్యూజు కాలుతుంది, వైండింగు మిగులుతుంది. తోసే కడ్డీల చివర రాడ్ ఎండ్ బేరింగు (గుండ్రటి కీలున్న బేరింగు) పెట్టండి. బోల్టును రంధ్రంలో దూర్చి వదిలేస్తే వారం తిరగకముందే ఆ రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది.

గాలి సిలిండరు: బలాన్ని చేతిలో ఉంచుకోవడం

గాలి సిలిండరు బలం దాని లోవ్యాసం మీద, గాలి పీడనం మీద మాత్రమే ఆధారపడి ఉంటుంది; అందుకే దానిని ముందే లెక్కించవచ్చు, రెగ్యులేటరు మర తిప్పి తగ్గించవచ్చు. 32 మి.మీ. లోవ్యాసం ఉన్న సిలిండరు 5 బార్ పీడనంతో దాదాపు 400 న్యూటన్ల బలంతో తోస్తుంది. 16 మి.మీ. సిలిండరు 3.5 బార్‌తో 70 న్యూటన్లు మాత్రమే తోస్తుంది. ఈ రెండింటిలో ఏది వాడాలో నిర్ణయించడానికి ఒక కొలబద్ద ఉంది. కర్మాగారాల్లో యంత్రాల ముందు తమంతట తాము మూసుకునే రక్షణ తలుపులకు ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) 14120 ప్రమాణం పెట్టిన హద్దు ఇది: అడ్డం తగిలితే వెనక్కి తెరుచుకునే ఏర్పాటు లేనప్పుడు బలం 75 న్యూటన్లనూ, కదలికలోని శక్తి 4 జౌళ్ళనూ మించకూడదు. ఆ ఏర్పాటు ఉంటే 150 న్యూటన్లు, 10 జౌళ్ళు. ఆ ప్రమాణం దయ్యాలకోసం రాసినది కాదు. కానీ మనిషి ఒంటికి యంత్రం తగిలినప్పుడు ఎంతవరకు ఓర్చుకోవచ్చునో చెప్పేది కనుక నేను దానినే వాడుతున్నాను. 2 కిలోల తల సెకనుకు 2 మీటర్ల వేగంతో దూకితే సరిగ్గా 4 జౌళ్ళవుతుంది. కనుక తలను ఫైబరుతో కాక తేలిక లేటెక్సు తొడుగుతో చేసి బరువు తగ్గించడమే వేగాన్ని మిగుల్చుకునే మార్గం.

ఇక్కడ మీట సూత్రం చాలా సాయపడుతుంది. కీలుకు 80 మి.మీ. దూరంలో సిలిండరును బిగించి, బొమ్మ తలను 400 మి.మీ. దూరంలో ఉంచితే, తల వేగం సిలిండరు వేగానికి ఐదు రెట్లవుతుంది, తల దగ్గరి బలం ఐదోవంతుకు తగ్గుతుంది. 400 న్యూటన్ల సిలిండరు కూడా తల దగ్గర 80 న్యూటన్లే అవుతుంది; పీడనం కొంచెం తగ్గిస్తే పైన చెప్పిన 75 హద్దులోకి వస్తుంది. ప్రేక్షకుడికి తగిలే చోట మెత్తదనం, కదలికలో చురుకుదనం రెండూ ఒకేసారి దొరుకుతాయి. అయితే పోయిన బలం ఎక్కడికీ పోదు. అది కీలు దగ్గర కత్తెరలా పనిచేస్తుంది. కనుక కీలు చుట్టూ గట్టి కవచం ఉండాలి. లేదా ఇరుక్కునే సందులను వెడల్పు చేయాలి. ఐఎస్ఓ 13854 ప్రమాణం ప్రకారం, సందు ఎంత మూసుకున్నా వేలికి 25 మి.మీ., చేతి పిడికిలికి 100 మి.మీ., తలకు 300 మి.మీ. మిగిలితే నలిగే ప్రమాదం ఉండదు. శవపేటిక మూతను పూర్తిగా మూతపడనివ్వకుండా అంచున 25 మి.మీ. రబ్బరు దిమ్మెలు పెడితే చాలు, చీకట్లో ఆ సందు ఎవరికీ కనబడదు.

సిలిండరు కొనేటప్పుడు దాని వెంట తీసుకోవలసినవాటిని దుకాణదారు అడగందే చెప్పడు. మొదటిది గాలిని వడకట్టి, పీడనాన్ని సరిచేసి, నూనె కలిపే ఎఫ్‌ఆర్‌ఎల్ యూనిట్. అందులో నీటిని పట్టే గిన్నె లేకపోతే, వానాకాలంలో కంప్రెసరు ట్యాంకులో చేరే నీరు వాల్వులోకి వెళ్ళి తుప్పు పట్టిస్తుంది. రెండవది సిలిండరు నోళ్ళ దగ్గర బిగించే ఫ్లో కంట్రోలు. ఇది లోపలికి వచ్చే గాలిని కాక బయటికి పోయే గాలిని అదుపు చేసేలా ఉండాలి. మూడవది 24 వోల్టుల డీసీ కాయిలు ఉన్న, కరెంటుతో గాలి దారిని మార్చే సోలినాయిడ్ వాల్వు. పేరు చెప్పకుండా అడిగితే చేతికి వచ్చేది చాలావరకు 230 వోల్టుల కాయిలే. జనం తిరిగే చీకటి గదిలో బొమ్మ పొట్టలో 230 వోల్టులు ఎందుకు?

వాల్వు రకం కూడా ఆగే తీరును నిర్ణయిస్తుంది. ఒకే కాయిలూ, స్ప్రింగూ ఉన్న 5/2 వాల్వు (ఐదు నోళ్ళు, రెండు స్థానాలు ఉన్నది) కరెంటు పోగానే వెనక్కి వచ్చి బొమ్మను లోపలికి లాక్కుంటుంది. రెండు కాయిళ్ళున్నది ఎక్కడున్నది అక్కడే ఉండి, లేచిన బొమ్మను లేచినట్లే ఉంచుతుంది. దయ్యాల కొంపకు మొదటిదే తగినది. అయితే శవపేటిక మూతలా బరువు మీదనుంచి కిందికి పడే బొమ్మకు గాలి పోయినప్పుడు ఏమవుతుందో విడిగా ఆలోచించాలి. దానికి ఎదురుబరువు కట్టి, గాలి లేనప్పుడు మూత మెల్లగా వాలేలా చేయడం ఖర్చులేని పరిష్కారం.

గాలి గురించి తెలియనివారిని దెబ్బతీసే విషయం ఇంకొకటి ఉంది. గాలి మొత్తం వదిలేసిన తరువాత ఉదయం మళ్ళీ మొదటిసారి గాలి పెట్టినప్పుడు, సిలిండరు రెండోవైపు అడ్డుగా ఉండవలసిన గాలి ఉండదు. బయటికి పోయే గాలిని పట్టుకునే ఫ్లో కంట్రోలుకు అప్పుడు పట్టుకోవడానికి ఏమీ లేదు. బొమ్మ మామూలు కన్నా ఎన్నో రెట్లు వేగంతో ఒక్కసారి విసురుకుంటుంది. ఆ సమయంలో దాని ముందు నిలబడేది సందర్శకుడు కాదు, తాళం తీసి దీపాలు వేసే కుర్రవాడు. సాఫ్ట్ స్టార్ట్ వాల్వు ఒకటి మొత్తం లైనుకు పెడితే గాలి మెల్లగా నిండుతుంది. అలాగే కరెంటు తీసినంత మాత్రాన ట్యాంకులో గాలి పోదు కనుక, బాగుచేసేవారు మూసి తాళం వేసుకోగలిగిన, మూసినప్పుడు లైనులో మిగిలిన గాలిని బయటికి వదిలే చేతి వాల్వు ప్రతి గదికీ ఉండాలి. ఇంటి ప్లంబింగుకు వాడే పీవీసీ పైపును గాలి లైనుకు వాడాలని కొందరు మేస్త్రీలు సలహా ఇస్తారు. వినవద్దు. అది పగిలితే నీళ్ళు కారినట్లు కారదు, ముక్కలై ఎగురుతుంది. పీయూ (పాలియూరిథేన్) ట్యూబు, లేదంటే జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపు వాడండి. ఎలుకలు పీయూ ట్యూబును ఇష్టంగా కొరుకుతాయి కాబట్టి, నేలమీద పోయే భాగాన్ని ఇనుప గొట్టంలో దూర్చండి. ఈ విషయం ఏ కేటలాగులోనూ ఉండదు.

కంప్రెసరు పెద్దది కావాలేమోనన్న భయం అక్కరలేదు. 32 మి.మీ. లోవ్యాసం, 200 మి.మీ. స్ట్రోకు (కడ్డీ జరిగే దూరం) ఉన్న సిలిండరు 4 బార్‌తో ఒకసారి పోయి రావడానికి దాదాపు 1.5 లీటర్ల మామూలు గాలి ఖర్చవుతుంది. నిమిషానికి ఆరుసార్లు కదిలే పది బొమ్మలకు కలిపి నిమిషానికి 90 లీటర్లు, అంటే మూడు సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) కన్నా కొంచెం ఎక్కువ. రెండు హార్స్‌పవర్ కంప్రెసరు దీనిని మధ్యమధ్య విశ్రాంతి తీసుకుంటూ ఇవ్వగలదు. దాని చప్పుడును మాత్రం దాచలేము; మాల్‌లో పై అంతస్తులో గది తీసుకున్నవారికి ఇది నిజమైన అడ్డంకి. వాల్వు నుంచి గాలి పోయే చప్పుడు వేరు. సైలెన్సరు తీసివేస్తే ఆ బుస్సుమనే శబ్దమే సగం భయం పుట్టిస్తుంది. నేను చెవికి దూరంగా ఉన్న వాల్వులకు మాత్రం దానిని తీసి ఉంచుతాను.

సర్వోలు, యాక్చుయేటర్లు

ఇంజనీరింగు విద్యార్థులు ఈ పనికి దిగితే కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్ళి సర్వోలు కొంటారు. అందరికీ తెలిసిన ఎంజీ 996ఆర్ సర్వో 6 వోల్టుల దగ్గర దాదాపు 11 కిలో సెంటీమీటర్ల బలం ఇస్తుందని అమ్మకపు పత్రం చెబుతుంది. అంటే 10 సెం.మీ. చేతి చివర ఒక కిలో బరువు దగ్గర అది ఆగిపోతుంది. ఆగిపోయే బలం మీద రోజూ పనిచేయించేది ఏదీ బతకదు. దానిలో మూడోవంతుకు మించి వాడకూడదు. భంగిమను నిలబెట్టుకోవడానికి అది నిరంతరం కరెంటు లాగుతూ, సన్నగా వణుకుతూ వేడెక్కుతుంది. ఏప్రిల్‌లో గాలి ఆడని గదిలో 42 డిగ్రీల వేడికి ఈ వేడి తోడైతే మొదట పోయేది కోణాన్ని కొలిచే లోపలి పొటెన్షియోమీటరు, తరువాత గేరు పళ్ళు. కళ్ళు తిప్పడానికి, దవడ ఆడించడానికి, మాటకు తగ్గట్లు పెదవులు కదల్చడానికి మాత్రం దీనికి సాటి లేదు, ఎందుకంటే ఏ కోణంలో ఆగాలో చెప్పగలిగే చవకైన యంత్రం ఇదొక్కటే. వాడినప్పుడు సర్వోలకు విడిగా 6 వోల్టుల సరఫరా ఇవ్వాలి. కదలిక లేని సమయంలో సరఫరా తీసివేయాలి. ప్రతి ముఖానికీ అదనంగా ఒక సర్వో కొని పెట్టుకోవాలి.

లీనియర్ యాక్చుయేటర్ చూడడానికి గాలి సిలిండరులాగే ఉండి, కంప్రెసరు అక్కరలేదని ఆశపెడుతుంది. దాని లోపల ఉన్నది మరకడ్డీ. నిదానంగా కదులుతుంది, వందల న్యూటన్లతో తోస్తుంది, కరెంటు పోతే బిగుసుకుని అలాగే ఉంటుంది, ఎక్కువసేపు నడిపితే వేడెక్కుతుంది. మనిషికి కావలసిన నాలుగు గుణాలకూ సరిగ్గా వ్యతిరేకం. జనం లేనప్పుడు గోడను ఒక చోటినుంచి ఇంకో చోటికి జరపడానికి మాత్రం పనికివస్తుంది.

ఎప్పుడు కదలాలో ఎవరు చెప్పాలి?

సందర్శకుడు వచ్చాడని పసిగట్టడానికి అందరూ మొదట కొనేది పీఐఆర్ సెన్సరు. అది శరీర వేడికీ పరిసరాల వేడికీ ఉన్న తేడాను బట్టి పనిచేస్తుంది. మన వేసవిలో గది వేడి శరీరం వేడికి చేరువైనప్పుడు ఆ తేడా మాయమై సెన్సరు గుడ్డిదవుతుంది. జనవరి నుమాయిష్‌లో చక్కగా పనిచేసినది మే నెలలో ఎందుకు మొరాయించిందని అడిగేవారికి ఇదే జవాబు. ఎదురెదురుగా పెట్టే కాంతిపుంజపు సెన్సరు వేడిని లెక్కచేయదు గాని, పొగ యంత్రం వదిలే దట్టమైన పొగకు తడబడుతుంది. ఆ పొగలోని గ్లైకాలు దాని అద్దం మీద జిడ్డులా పేరుకుంటుంది కనుక రోజూ తుడవాలి. పొగ ఉన్న గదిలో కాలికింద పెట్టే పీడన చాపే నమ్మదగినది. అందులోనూ ఎత్తు తేడాకు కాలు తట్టుకోకుండా అంచులు వాలుగా ఉండాలి.

నియంత్రణకు ఆర్డుయినో, ఈఎస్‌పీ32 వంటి ప్రోగ్రాము రాసుకునే చిన్న బోర్డులు, కర్మాగారాల్లో వాడే రకం చిన్న పీఎల్‌సీ, మామూలు టైమరు రిలే అన్నీ సరిపోతాయి. బొమ్మ ఒకే రీతిలో కదిలితే నేను టైమరు రిలేనే పెడతాను, ఎందుకంటే రాత్రి పదింటికి చెడిపోతే పక్కింటి ఎలక్ట్రీషియను కూడా దానిని మార్చగలడు. ఈఎస్‌పీ32 వాడేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కరెంటు వచ్చి బోర్డు మేల్కొనే క్షణంలో దాని పిన్నులలో కొన్ని తమంతట తాము సంకేతం ఇస్తాయి. లైను కరెంటునుంచి జనరేటరుకు మారే ప్రతిసారీ బొమ్మ ఒకసారి ఉలిక్కిపడితే తప్పు దయ్యానిది కాదు, ఆ పిన్నుది.

ఎమర్జెన్సీ స్టాప్‌ను మాత్రం ప్రోగ్రాముకు అప్పగించకూడదు. పసుపు పళ్ళెంలో ఎర్ర బొత్తం నొక్కగానే తీగలే తెగి, వాల్వులకు, మోటార్లకు సరఫరా పోవాలి, లైనులోని గాలి బయటికి పోవాలి. ఐఎస్ఓ 13850 ప్రకారం బొత్తాన్ని తిరిగి లాగినంత మాత్రాన ఏదీ కదలకూడదు; మళ్ళీ నడపాలని ఒకరు వేరుగా ఆదేశించాలి. టికెట్టు బల్ల దగ్గర ఒకటి చాలదు. కదిలే బొమ్మ ఉన్న ప్రతి గదిలోనూ, లోపల పనిచేసేవారి చేతికందేలా ఒకటి ఉండాలి.

చట్రం, తొడుగు, నిప్పు

చట్రానికి 25 మి.మీ. చదరపు గొట్టం, 2 మి.మీ. మందం ఉన్నది సరిపోతుంది, 1 మి.మీ. గొట్టం తేలిక కదా అని తీసుకుంటే వెల్డింగు అతుకు పక్కన పగులు పడుతుంది. కీళ్ళకు నూనె పట్టిన కంచు బుష్షులు వేయించండి. బాలానగర్ లేత్ షాపుల్లో ఒక పూటలో చేసి ఇస్తారు. ముఖాలకు, చిన్న భాగాలకు నమూనాలు తీయాలనుకుంటే రాయదుర్గంలో 2023లో తెరిచిన టీ-వర్క్స్ వంటి చోట త్రీడీ ముద్రణ, లేజరు కోత సదుపాయాలున్నాయి. ప్రతి నట్టూ వదులు కాకుండా పట్టి ఉంచే నైలాక్ నట్టే కావాలి. ప్రతి సిలిండరు కదలికకూ చివర ఆపే పని సిలిండరుది కాదు, చట్రానికి బిగించిన రబ్బరు స్టాపరుది. సందర్శకులు బొమ్మను కొడతారన్నది కూడా లెక్కలో ఉండాలి. స్నేహితుల ముందు భయపడ్డ కుర్రవాడు చేసే మొదటి పని అదే. అందుకే పూర్తిగా చాచుకున్న బొమ్మకూ కంచెకూ మధ్య, భుజందాకా చాచిన చేతి పొడవు, అంటే 850 మి.మీ. ఉంటే బొమ్మకూ మంచిది, కుర్రవాడికీ మంచిది.

తొడుగు ఎంపికలో మన్నిక కన్నా నిప్పు పెద్ద విషయం. 1984 మే 11న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్ పార్కులో, ట్రైలర్లను కలిపి కట్టిన దయ్యాల కోటలో మంటలు రేగి ఎనిమిది మంది టీనేజి పిల్లలు చనిపోయారు. గోడకున్న ఫోమ్ మెత్తకు లైటరు మంట తగలడంతో అది మొదలైంది. లోపల నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్లు లేవు. ఆ తరువాత అమెరికా అగ్నిభద్రతా నియమావళి దయ్యాల గృహాలకు ప్రత్యేకంగా నిబంధనలు పెట్టింది: పొగ పసిగట్టగానే భయపెట్టే శబ్దాలు ఆగిపోవాలి, దీపాలు వెలగాలి. చీకటి, వంకర దారులు, అరుపులు అన్నీ మనం కావాలని పెట్టినవే. నిజంగా ప్రమాదం వచ్చినప్పుడు అవే మనుషులను చంపుతాయి. మన నుమాయిష్‌లోనే 2019 జనవరి 30 రాత్రి పెద్ద సంఖ్యలో దుకాణాలు కాలిపోయిన సంగతి నగరం మరచిపోలేదు.

కాబట్టి థర్మోకోలు, సోఫా ఫోమ్, పాలిస్టరు తెరలు ఈ మూడింటినీ లోపలికి రానివ్వవద్దు. ఫోమ్ కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడుతో పాటు హైడ్రోజన్ సయనైడు కూడా వస్తుంది. తెరలకు నూలు గుడ్డ తీసుకుని, 7 పాళ్ళు బోరాక్సు, 3 పాళ్ళు బోరిక్ ఆమ్లం కలిపిన నీటిలో ముంచి ఆరవేస్తే అది సులభంగా మండదు. ఉతికితే ఆ గుణం పోతుంది, పాలిస్టరు మీద అసలు పనిచేయదు. ముఖాలకు లేటెక్సు చవక; కానీ ఎండా, నూనే తగిలితే సంవత్సరంలో బంకలా మారుతుంది లేదా పెళుసవుతుంది. బేరింగు గ్రీజు దానికి అంటకుండా మధ్యలో గుడ్డ పొర ఉండాలి. సిలికోను తొడుగు ధర చాలా ఎక్కువ, బరువూ ఎక్కువ. దగ్గరినుంచి చూసే ఒకే ఒక్క ముఖానికి సిలికోను, మిగిలినవాటికి లేటెక్సు అని పంచుకోవడం సబబు.

ఇన్ని చెప్పినా, ఒక నెలకోసం చిన్న గది తీసుకున్నవారికి నా సలహా వేరుగా ఉంటుంది. కంప్రెసరు కొనకండి. మూడు కూలరు మోటార్లు, ఒక మంచి శబ్ద ఏర్పాటు, తెర వెనుక తాడు పట్టుకుని నిలబడే ఒక చురుకైన మనిషి చాలు. ఎదురుగా వచ్చింది చిన్న పిల్లవాడని చూసి తాడు లాగకుండా ఉండగలిగే సెన్సరు ఇంతవరకు రాలేదు. ఏడాది పొడవునా నడిపేవారు మాత్రం మొదటి పెట్టుబడిని గాలి లైను మీద, ఎఫ్‌ఆర్‌ఎల్ మీద, ఎమర్జెన్సీ స్టాప్ తీగల మీద పెట్టాలి. బొమ్మలను తరువాత ఒక్కొక్కటే చేర్చుకోవచ్చు.

చివరగా, ఏ యంత్రం ఎంచుకున్నా, తలుపులు తెరవడానికి ముందు బొమ్మను కనీసం 500 సార్లు ఆగకుండా నడపండి, ఆ తరువాత నట్లన్నీ మళ్ళీ బిగించండి. ఆపైన మోండా మార్కెట్‌లో ఒక లేత సొరకాయను, నాలుగు బెండకాయలను కొని, బెండకాయను వేలు దూరగల ప్రతి సందులోనూ, సొరకాయను చేయి దూరగల ప్రతి సందులోనూ పెట్టి బొమ్మను ఒకసారి కదల్చండి. బెండకాయ తెగితే కవచం వేయాలి. సొరకాయ మీద లోతుగా నొక్కు పడితే రెగ్యులేటరును అర బార్ తగ్గించి, మళ్ళీ కొత్త సొరకాయ పెట్టి చూడాలి.